పెట్టెలో పెట్టిన పలక

ఆ గొడుగుల కర్ఖానాలో పదిమంది కుడుతుంటే ఒకరు చదవాలి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. గుడ్డలు కత్తిరించే మిషన్లు వెనక రేకుల షెడ్డులో ఉంటాయి. ముందు హాల్లో ఉన్నదంతా చేతిపనే. గుడ్డను ఎనిమిది ఊచలకూ పట్టించి, ఎనిమిది మూలలూ బిగించి కుట్టాలి. చప్పుడు లేని పని. చప్పుడు లేని పనిలో మనిషికి నిద్రైనా వస్తుంది, పక్కవాడితో తగువైనా వస్తుంది. అందుకని మధ్యాహ్నం రెండు కొట్టగానే ఒకరు కిటికీ పక్కనున్న ఎత్తు పీట ఎక్కి కథ చదువుతారు. పని దిగేదాకా చదువుతారు. ఆ చదివే మనిషి వంతు గొడుగులు మిగతావాళ్ళు తలా ఒకటీ రెండూ పంచుకుని కుట్టేస్తారు.

పదకొండేళ్ళుగా ఆ పీట బాబాయిది. హాల్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. అద్దె పుస్తకాల కొట్టు నుంచి పుస్తకం తెచ్చి, మడత పెట్టిన పేజీ దగ్గర తెరిచి, ఒకసారి గొంతు సవరించుకుంటే చాలు, ఊచలత్త కూడా నోరు మూసుకునేది. ఊచలత్త అంటే ఊచలు ఏరి జతచేసే ముసలావిడ. ఆవిడ నోరు మూయించడం యజమాని వల్ల కూడా కాలేదు.

ఆ పీట పోతే ఏమవుతుందన్నది బాబాయికీ ఆయన భార్యకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. రెండేళ్ళుగా ఆయన కుడిచేతి నడిమి వేలు మడత పడటం లేదు. పొద్దుటిపూట నాలుగు గొడుగులు పళ్ళ బిగువున లాగించేస్తాడు. మధ్యాహ్నం కూడా కుట్టమంటే కుట్టలేడు. కుట్టలేని మనిషికి ఆ హాల్లో ఏం పని? అందుకని దొంగకు తేలు కుట్టినట్టు ఆ వేలి సంగతి లోపలే దాచుకున్నాడు.

మూడేళ్ళ కిందట తన బావమరిదిని ఆ కర్ఖానాలో చేర్పించింది కూడా బాబాయే. కుట్టిన గొడుగుకు పిడి బిగించి, ఒకసారి విప్పి చూసి, ముడిచి కట్ట కట్టడం బావమరిది పని. ఎడమచేతి వాటం మనిషి. ఎప్పుడూ నవ్వుతుంటాడు. ఆ నవ్వు మూడేళ్ళపాటు బాబాయికి బాగానే ఉండేది.

వానల ముందు బాబాయికి జ్వరం తగిలి నాలుగు రోజులు పనిలోకి రాలేదు. ఐదో రోజు వచ్చేసరికి పీట మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. చేతిలో పుస్తకం లేదు. పలకలాంటిది ఒకటి ఉంది. ఈ-రీడర్ అట. అందులో వందల పుస్తకాలు పడతాయట. హాలంతా దాన్ని అప్పటికే పలక అని పిలుస్తోంది.

"వచ్చావా అబ్బాయ్," అంది ఊచలత్త. "తొందరేముంది, ఇంకో రెండు రోజులు పడుకోవాల్సింది. మీవాడు బాగా చదువుతున్నాడు. ఆడమనిషి మాట ఆడమనిషిలా, ముసలాడి మాట ముసలాడిలా అంటున్నాడు."

"నేను అనలేదా అత్తా, ఇన్నేళ్ళూ?"

"నువ్వు అందరి మాటా నీ మాటలాగే చదువుతావు కదా. దానికీ ఓ అందం ఉందిలే."

ఏకు మేకవడమంటే ఏమిటో బాబాయికి ఆ క్షణాన తెలిసింది. బావమరిది వెంటనే పీట దిగాడు, "రా బావా, నీ పీట నీకే," అన్నాడు. అన్నాడు గానీ కథ సగంలో ఉంది. గడియారాలు బాగుచేసే ఒకాయనకు ఒక పాత గడియారం లోపల ఉంగరం దొరుకుతుంది, అది ఎవరిదో వెతుక్కుంటూ బయలుదేరతాడు. ఆ ఉంగరం ఎవరిదో తేలేదాకా హాలు వేరే కథ వినేలా లేదు. మేస్త్రీ కూడా, "ఈ వారం అతన్నే కానివ్వు బాబాయ్. సోమవారం నుంచి ఎవరిది బాగుంటే వాళ్ళు," అనేశాడు.

ఎవరిది బాగుంటే వాళ్ళట. అంటే పీట ఇప్పుడు పోటీకి పెట్టినట్టే. జ్వరం నీరసం ఇంకా తగ్గలేదని చెప్పి ఆ వారం మధ్యాహ్నాలు కుట్టు తప్పించుకున్నాడు.

బాబాయి ఆ రోజు నుంచి బావమరిది లోపాలు వెతకడం మొదలుపెట్టాడు. కూర్చుంటే కాలు ఊపుతాడు. 'ష' సరిగ్గా పలకడు. కానీ అవి పీట దింపేంత లోపాలు కావు. శనివారం నాడు అసలైనది దొరికింది. ఉంగరం కథ మధ్యలో అందరూ టీకి లేచినప్పుడు, పక్క బల్ల మనిషి ఇంకేదో నవ్వుల పుస్తకం పేరు చెప్పి అది ఉందా అని అడిగాడు.

"ఇందులో లేదన్నా," అన్నాడు బావమరిది. "ఇంటికెళ్ళి వైఫైలో దించుకోవాలి. ఇక్కడ నెట్ లేదుగా."

నిజమే, హాల్లో నెట్ లేదు. దానికి ఫోన్లోంచి నెట్ ఇద్దామన్నా ఫోన్లు లోపలికి రానివ్వరు. నిరుడు ఎవరో ఫోన్ చూస్తూ సూది గోటి కిందికి దింపుకున్నప్పటి నుంచి యజమాని గుమ్మం దగ్గర ఒక ఇనప్పెట్టె పెట్టించాడు. పొద్దున్నే ఫోన్లన్నీ అందులో వేసి మేస్త్రీ తాళం వేస్తాడు. మళ్ళీ పని దిగే వేళే తీస్తాడు. పలకలో ఫోను లేదు కాబట్టి దాన్ని మాత్రం పోనిచ్చాడు.

ఆ సాయంత్రం బాబాయి ఇంటికి పోలేదు. తిన్నగా సామాన్ల కొట్టుకు పోయాడు.

"రెండు రకాలున్నాయండీ," అంది కొట్లో అమ్మాయి. "ఒకటి మామూలుది. ఇంకోటి లోపలే సిమ్ము ఉన్నది. వైఫై లేకపోయినా, రోడ్డు మీదైనా, బస్సులోనైనా పుస్తకం దిగుతుంది. నెలనెలా ఏమీ కట్టక్కర్లేదు. కాకపోతే ధర బాగా ఎక్కువ."

"ఆ సిమ్ముదే ఇవ్వమ్మా."

"మీ ఇంట్లో వైఫై ఉందా?"

"మా ఆవిడ పెట్టించింది."

"అయితే నా మాట విని మామూలుది తీసుకోండి. పుస్తకం దించుకోవడానికి నిమిషం పడుతుంది. చదవడానికి పదిరోజులు పడుతుంది. ఆ ఒక్క నిమిషం ఇంట్లో గడిపితే సరిపోయేదానికి ఇంత పోయడం దేనికి? ఊళ్ళు తిరిగేవాళ్ళకైతే పనికొస్తుంది. మీరు ఊళ్ళు తిరుగుతారా?"

"ఇంటి నుంచి కర్ఖానాకి, కర్ఖానా నుంచి ఇంటికి."

"మరి?"

మరి అంటే ఆయన ఏం చెబుతాడు? బావమరిది చేతిలో లేనిది తన చేతిలో ఉండాలని చెబుతాడా? "సిమ్ముదే ఇవ్వమ్మా," అన్నాడు మళ్ళీ.

ఇంట్లో భార్య ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూసింది. "మా తమ్ముడి దగ్గర ఇలాంటిదే ఉందిగా. ఇద్దరూ ఒక్కదాంతో సరిపెట్టుకోకూడదూ?"

"నీ తమ్ముడిది ఉత్తి పలక. ఇది వేరు."

"నిన్నటిదాకా మా బావమరిది, మా బావమరిది అన్నారు. ఇవాళ నా తమ్ముడైపోయాడా?"

బాబాయి పలకకు చార్జింగ్ పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. దీని చార్జింగ్ వారాల తరబడి ఉంటుందని కొట్లో అమ్మాయి చెప్పింది. అదీ మంచిదే అనుకున్నాడు.

సోమవారం పొద్దున్న మనిషి పదినిమిషాల ముందే వచ్చాడు. ఫోన్ ఇనప్పెట్టెలో వేశాడు. పలక చంకలో పెట్టుకుని హాలు మధ్య నిలబడ్డాడు. నోరు మూసుకుని మధ్యాహ్నం దాకా ఆగి, పీటెక్కి, అడిగిన పుస్తకం అడిగినట్టు దించి చూపించి ఉంటే కథ వేరేలా ఉండేది. ఆగలేకపోయాడు. రెండు రోజులుగా నోట్లో నానబెట్టిన మాట మరి.

"ఇదిగో చూడండి. ఇదీ పలకే. కానీ మావాడి దానిలా ఇంటికి పోయి వైఫై అడుక్కోనక్కర్లేదు. దీనికి సొంత సిమ్ముంది. ఫోనుకు ఉన్నట్టే ఉంది. నెట్టు నేరుగా గాల్లోంచే వచ్చేస్తుంది. ఏం పుస్తకం కావాలో చెప్పండి, ఈ బల్ల మీదే దింపేస్తాను."

అందరూ మెడలు చాచారు. బావమరిది దగ్గరికొచ్చి, "అబ్బో, మంచిది కొన్నావు బావా," అన్నాడు. ఆ మాట వినడానికే బాబాయి అంత పోశాడు. తీరా విన్నాక అందులో కుళ్ళు ఒక్క చుక్కైనా లేదు. అది మరీ మంటగా ఉంది.

అప్పుడు వెనక నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది.

"సిమ్ముందా దానికి?"

"ఉంది మేస్త్రీ. ఫోనుకు ఉన్నట్టే."

"సిమ్ముంటే ఫోనే కదా బాబాయ్. పెట్టెలో వెయ్యి."

"ఇది ఫోను కాదు మేస్త్రీ. పుస్తకం."

"నువ్వే అన్నావుగా ఫోనుకు ఉన్నట్టే అని. నీకొకటి, మిగతావాళ్ళకొకటి అంటే రేపు ఒక్కొక్కడూ ఒక్కో పుస్తకం పట్టుకొస్తాడు. యజమాని నన్ను నమిలేస్తాడు."

"మావాడిదో?"

"దానికి సిమ్ము లేదుగా."

ఊచలత్త ఊచల కట్ట దించి మరీ నవ్వింది. "ఎక్కువ పోసి కొన్నది పెట్టెలోకి, తక్కువ పెట్టి కొన్నది పీట మీదికి. బాగుందిరా అబ్బాయ్ నీ బేరం."

ఇనప్పెట్టె మూత పడింది. మధ్యాహ్నం రెండు కొట్టింది. ఉంగరం కథ ఇంకా తేలలేదు కాబట్టి బావమరిదే పీటెక్కాడు. బాబాయి పదకొండేళ్ళలో మొదటిసారి మధ్యాహ్నప్పూట సూది పట్టుకున్నాడు.

ఆ వారం ఆయన పడ్డ బాధ ఇంతా అంతా కాదు. వేలు రాదు. సూది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జారిపోతుంది. మూలల దగ్గర దారం బిగించాలంటే నడిమి వేలు కొక్కెంలా పట్టాలి, అది కర్రలా నిలబడుతుంది. ఒక్కో గొడుగులో మూడు మూలలో నాలుగు మూలలో వదులుగా వదిలేసి, తన ఆకుపచ్చ దారం గుర్తు కట్టి బుట్టలో వేసేవాడు. పైన పీట మీద బావమరిది కథ చెబుతుంటే హాలంతా ఒక్క ఊపిరిగా వింటోంది. వాడు ఏడిపిస్తే ఏడుస్తున్నారు, నవ్విస్తే నవ్వుతున్నారు. నా పీట, నా కిటికీ, నా వెలుగు అనుకుంటూ బాబాయి వేలిని చూసుకునేవాడు, వాణ్ణి చూసేవాడు. ఏది ఎక్కువ నొప్పో తేలేది కాదు.

అలాంటప్పుడు మనిషికి మంచి బుద్ధి పుట్టదు. సోమవారం సాయంత్రమే బస్సులో ఒక ఉపాయం పుట్టింది. పలక తెరిచి ఆ ఉంగరం కథ మొదటి భాగం, రెండో భాగం రెండూ అక్కడికక్కడే దింపేశాడు. నిమిషం కూడా పట్టలేదు. వారమంతా బస్సులో వస్తూ పోతూ, ఇంట్లో కూర్చుని చదివేశాడు. శుక్రవారానికల్లా ఉంగరం ఎవరిదో, గడియారంలోకి ఎలా వచ్చిందో మొత్తం తెలిసిపోయింది. మొదటి భాగం శనివారంతో అయిపోతుంది. అందరూ ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంటారు కదా, సరిగ్గా అప్పుడు సూదిలోకి దారం ఎక్కిస్తూ ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క అనేస్తే చాలు. కథ చచ్చిపోతుంది. చచ్చిన కథకు వాడు ఎన్ని గొంతులు పెడితే ఏం లాభం?

శుక్రవారం సాయంత్రం మేస్త్రీ బుట్టలు తనిఖీ చేస్తూ బాబాయి గొడుగు ఒకటి విప్పి, "పదకొండేళ్ళు పీట మీద కూర్చున్నా చెయ్యి పోలేదు బాబాయ్. ఏం బిగువు," అన్నాడు.

బాబాయి బిత్తరపోయాడు. ఆ గొడుగు తనదే, ఆకుపచ్చ దారం ఉంది. కానీ మూలలు బిగువుగా లేవని తనకు తెలుసు. దగ్గరికి లాక్కుని చూశాడు. నాలుగు మూలల్లో ముడి ఎడమ వైపు నుంచి లాగి వేసి ఉంది. ఇంకోటి తీశాడు. దాన్లోనూ అంతే. బుట్టంతా అంతే. ఆ హాల్లో ఎడమచేత్తో కుట్టగలిగినవాడు ఒక్కడే.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర బావమరిదిని పట్టుకున్నాడు.

"నా గొడుగుల్లో వేలు పెట్టమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బావా."

"మీ అక్కేనా?"

"అక్క నాతో ఏం చెప్పలేదు. గొడుగే చెప్పింది. పిడి బిగించి విప్పుతాగా, మూల జారితే తెలీదా? ఆ వేలికి ఎన్నాళ్ళయింది?"

"నా వేలికేం? బాగానే ఉంది."

"సరేలే," అన్నాడు బావమరిది. తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "మేస్త్రీకి తెలీదులే. తెలియనివ్వను."

ఎవరైనా అయితే అక్కడ కరిగిపోవాలి. బాబాయి కరగలేదు, ఇంకా కాలాడు. పీట తీసుకున్నాడు, సరే. హాల్లో వాళ్ళ చెవులు తీసుకున్నాడు, సరే. ఇప్పుడు జాలిపడే పెద్దరికం కూడా వాడే తీసుకున్నాడా? నాకంటూ ఏం మిగిల్చాడు వీడు? ఉన్నది ఒక్క ముక్క. రేపు అనేస్తాను, అనుకున్నాడు.

శనివారం టీకి ఇంకా అరగంట ఉందనగా గడియారాలాయన ఆ ఇంటి తలుపు తట్టాడు. తలుపు తీసిన ఆవిడ వేలికి అచ్చం అలాంటి ఉంగరమే ఉంది. "మొదటి భాగం సమాప్తం," అని చదివి బావమరిది ఆగాడు.

హాల్లో పది సూదులూ ఆగిపోయాయి.

"ఆపావేం? చదువు," అంది ఊచలత్త.

"ఇంతే అత్తా. రెండోది వేరే పుస్తకం. ఇవాళ ఇంటికెళ్ళి దించుకొస్తాను."

"ఆదివారం అంతా ఆ గుమ్మంలో నిలబడి ఉండాలా మేము? నేను పోతే?"

"నువ్వు పోవు అత్తా."

బాబాయి నాలుక కొస మీద ఆ ముక్క వచ్చి కూర్చుంది. సూది ఎత్తాడు, దారం తీశాడు. అంతలో బావమరిది ఆయన వైపు తిరిగాడు. "మా బావ పలకలో అయితే నిమిషంలో దిగుతుంది. మేస్త్రీ, ఎలాగూ టీ వేళవుతోంది, పెట్టె తియ్యి. గుమ్మం బయట మా బావ చదువుతాడు, మేమందరం అక్కడే వింటాం." అంటూ పీట దిగిపోయాడు.

పదిమందీ అడిగేసరికి మేస్త్రీ కాదనలేక పెట్టె తీశాడు. బాబాయి పలక తీసి మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. గట్టిగా నొక్కాడు. నల్లగా, చలనం లేకుండా ఉంది.

బావమరిది వంగి చూశాడు. "చార్జింగ్ అయిపోయింది బావా. ఇనప్పెట్టెలో సిగ్నల్ అందదు కదా. పొద్దస్తమానం అది వెతుకుతూనే ఉంటుంది. వెతికి వెతికి ఉన్నదంతా తాగేసింది."

"మూత వేసినా ఊరుకోలేదన్నమాట," అంది ఊచలత్త. "కొన్నవాడి పోలికే."

హాలంతా ఘొల్లున నవ్వింది. చెవులు ఎర్రబడగా బాబాయి నోరు తెరిచాడు. "ఆ ఉంగరం..." అన్నాడు.

నవ్వు టక్కున ఆగింది. ఊచలత్త చెయ్యి గాల్లో, ఊచ పట్టుకుని, ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ చెయ్యి అలా ఆగడం బాబాయి పదకొండేళ్ళు చూశాడు. ఈ వారం రోజులూ అది వేరేవాడి మాటకు ఆగుతుంటే కింద నుంచి చూశాడు. ఒక్క ముక్క అంటే ఒక్కసారి ఆగుతుంది. ఆ తర్వాత సోమవారం మళ్ళీ ఇదే బల్ల, ఇదే సూది, ఇదే వేలు. ఒక్కసారి ఆగితే సరిపోదు. సాయంత్రం దాకా ఆగాలి. తన మాటకే ఆగాలి.

"ఆ ఉంగరం ఎవరిదో నాకు తెలుసు," అన్నాడు మెల్లగా. "కానీ ఊరికే చెప్పను. ఆ గుమ్మం దగ్గర్నుంచి వరసగా చెప్పుకు రావాలి."

"చదివేశావా బాబాయ్?" అన్నాడు పక్క బల్ల మనిషి.

"బస్సులో."

"అయితే ఎక్కు మరి," అంది ఊచలత్త. "నీ పలక చచ్చినా నువ్వు బతికే ఉన్నావుగా."

టీ చల్లారిపోయింది. బాబాయి పీటెక్కాడు. చేతిలో పుస్తకం లేదు, పలక లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు, మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. గుమ్మంలో ఆవిడ ఏమందో చెప్పడం మొదలుపెట్టాడు. పేజీ ఎదురుగా లేకపోయేసరికి మాటలు తన మాటల్లోనే వచ్చాయి. మర్చిపోయిన చోట కల్పించాడు. గడియారాలాయన పక్కన ఎప్పుడూ నవ్వే ఒక మనిషిని పెట్టాడు. పుస్తకంలో అలాంటివాడు లేనే లేడు. ఆ నవ్వేవాణ్ణి గుద్దేవాడు, తిట్టేవాడు, గోతిలో పడేసేవాడు. హాలు పడీపడీ నవ్వింది. అందరికంటే గట్టిగా బావమరిదే నవ్వాడు. ఎవరి గురించో తెలిసే నవ్వుతున్నాడని బాబాయికి అర్థమై, వాణ్ణి గోతిలోంచి పైకి తీయకుండా అక్కడే ఉంచి కథ నడిపించాడు.

పని దిగేముందు మేస్త్రీ, "సోమవారం మిగతాది కూడా నువ్వే చెప్పాలి బాబాయ్. ఆ తర్వాత కూడా నువ్వే కానియ్యి," అన్నాడు. బావమరిది తల ఊపాడు.

కథ చెబుతున్నంతసేపూ బాబాయి వంతు గొడుగులు ఎవరు కుడుతున్నారని ఎవరూ అడగలేదు. ఆయన బల్ల దగ్గర బావమరిదే కూర్చున్నాడు. ఎడమచేత్తో సూది దింపుతున్నాడు, లాగుతున్నాడు, ముడి వేస్తున్నాడు. చీమల బారులా సాగుతోంది కుట్టు. వేళ్ళన్నీ మడతపడ్డ రోజుల్లో కూడా తన కుట్టు అంత బాగా ఉండేది కాదు. నోరు కథ మీదే ఉంది గానీ బాబాయి కళ్ళు సాయంత్రం దాకా ఆ చెయ్యి మీదే ఉన్నాయి.

బస్టాపులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు.

"బావా, ఆ సిమ్ముది నిజంగా పనికొస్తుందా? నేనూ మార్చుకుందామా అనుకుంటున్నా."

బాబాయి సంచిలో పలకను తడుముకున్నాడు. బస్సులో నిమిషం కూడా పట్టకుండా రెండు భాగాలూ దిగడం గుర్తొచ్చింది.

"దండగ," అన్నాడు. "నువ్వు మాత్రం కొనకు."